పాత ట్రావెల్ ట్రైలర్‌కి ఆ కాలపు రంగే వేయాలంటే: అసలు రంగు వెతకడం నుంచి చివరి కోటింగ్ దాకా

అమెరికాలో పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న ఇల్లు లాంటి బండి) కొనుక్కుని బాగుచేసుకుంటున్న మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్ చేసి, ఫోటోలు పంపి, "అన్నా, 1950ల నాటి బండి, టర్కాయిజ్ వేసేయనా?" అని అడుగుతుంటారు. రంగు ఎంచుకునే పని తర్వాత, ముందు వెతకండి అంటాను నేను. ఫ్యాక్టరీలో ఆ బండికి ఏ రంగు వేశారో చాలావరకు ఆ బండి మీదే ఎక్కడో ఒక చోట దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి తీయడం ఎలా, దొరకకపోతే ఏం చేయాలి, ఏ వరుసలో పని చేయాలి అన్నదే ఈ మార్గదర్శి.

ఇందులో చెప్పేది ప్రధానంగా రెండో ప్రపంచయుద్ధం తర్వాత నుంచి 1970ల మధ్య దాకా వచ్చిన అల్యూమినియం రేకు ట్రైలర్ల గురించి. షాస్టా, సెరో స్కాటీ లాంటి చిన్న బండ్లు, ఆకారాన్ని బట్టి క్యాన్డ్ హామ్ (పంది మాంసం డబ్బా) అని పిలుచుకునేవి, ఈ కోవలోకి వస్తాయి. మీది ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ బండి అయితే బయట రంగు బెంగ లేదు. దాని అందమంతా రంగు వేయని అల్యూమినియంలోనే ఉంది, పాలిష్ చేస్తే చాలు. లోపలి రంగుల కోసం మాత్రం కింది 3, 4, 8 భాగాలు చదవండి.

1. బండి పుట్టిన సంవత్సరం తేల్చుకోండి

"1950ల బండి" అంటే సరిపోదు. 1951 నాటి బండి, 1959 నాటి బండి పక్కపక్కన పెడితే వేర్వేరు ఇళ్ల పిల్లల్లా ఉంటాయి. టైటిల్ కాగితంలో (బండి యాజమాన్య పత్రంలో) ఉన్న సంవత్సరాన్ని కూడా గుడ్డిగా నమ్మవద్దు. ట్రైలర్ మొదట అమ్ముడైన ఏడాదినే తయారైన ఏడాదిగా రాసిన కాగితాలు తరచూ కనిపిస్తాయి.

చూడాల్సినవి:

- బండి ముందు వైపు, కారుకి తగిలించే కొక్కెం ఉండే ఫ్రేమ్ మీద చెక్కిన సీరియల్ నంబరు (తుప్పు, పెయింటు మెల్లగా తుడిచి చూడండి)
- తలుపు దగ్గర రేకు పట్టీ
- స్టవ్, ఐస్ బాక్స్, హీటర్ల మీద ఉన్న కంపెనీ బిళ్లలు
- కిటికీ అద్దం మూలల్లో ఉన్న గుర్తులు
- రేకు మీద రెక్కలు, చారల లాంటి ప్రత్యేక గుర్తులు. షాస్టా వెనక రెక్కలు 1950ల చివర్లో వచ్చినవి. రెక్కలున్న షాస్టాని ఎవరైనా 1952 బండి అంటే ఆగి ఆలోచించండి.

అదే మోడల్ పాత బ్రోచర్లు దొరికితే ఇంకా మంచిది. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో ఉన్న ఆర్‌వీ/ఎమ్‌హెచ్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం దగ్గర పాత ట్రైలర్ల కాగితాల భాండాగారం ఉంది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలై, 1998లో మళ్లీ ప్రాణం పోసుకున్న టిన్ క్యాన్ టూరిస్ట్స్ క్లబ్ కలయికలకి వెళితే మీ మోడల్ బండినే కళ్లారా చూడవచ్చు.

2. గీకే ముందు జాగ్రత్త

ఈ భాగం దాటేయకండి. అమెరికాలో ఇళ్లకు వాడే సీసం పెయింటును 1978లో నిషేధించారు. అంటే మీ బండి మీద ఉన్న పాత పొరల్లో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టాలి. అల్యూమినియం మీద పసుపు కలిసిన ఆకుపచ్చ ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కనిపిస్తే అది జింక్ క్రోమేట్ కావచ్చు, దాని దుమ్ము కేన్సర్ కారకం. నేల మీద 9 ఇంచుల చదరపు టైల్స్, వాటి కింద నల్లటి జిగురు ఉంటే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించే దాకా వాటిని పగలగొట్టవద్దు.

- పొడి మీద రుద్దవద్దు, తడి చేసి మాత్రమే రుద్దండి
- సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు, చేతి తొడుగులు
- కింద ప్లాస్టిక్ పట్టా, పని అయ్యాక తడి గుడ్డతో తుడవడం
- పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు
- పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు

3. అసలు రంగు దాక్కునే చోట్లు

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అరవై ఏళ్లు ఎండా వానా తగిలిన గోడ అబద్ధం చెబుతుంది. ఎండ తగలని మూల నిజం చెబుతుంది.

బయట:

- వెనక లైట్లు, పక్కన ఉండే చిన్న మార్కర్ లైట్ల కింద
- నంబర్ ప్లేటు వెనక
- మూలల్లో రేకుల అంచుల్ని కప్పే అల్యూమినియం పట్టీ కింద
- కిటికీ ఫ్రేము అంచు కింద
- ఒక రేకు ఇంకో రేకులోకి మడత పడే చోట, ఆ మడత లోపల
- గుడారం గుడ్డ తగిలించే పట్టీ కింద

లోపల:

- స్టవ్ వెనక గోడ
- బట్టల అలమర లోపల, పై అర అడుగున
- కూర్చునే బల్లల కింద పెట్టె లోపలి వైపు
- కర్టెన్ రాడ్ బిగించిన బ్రాకెట్ కింద
- డ్రాయర్ పక్క చెక్కలు

ఫ్యాక్టరీ రంగునీ తర్వాత వేసిన రంగునీ వేరుచేయడానికి ఒక కిటుకుంది. చాలా బండ్లకు రేకు ముందే రంగు వేసుకుని వచ్చింది, ఆ తర్వాతే బండికి బిగించారు. కాబట్టి ఫ్యాక్టరీ రంగు పట్టీ కిందికి, మడత లోపలికి ఏకంగా సాగిపోతుంది. తర్వాత ఎవరో వేసిన రంగు పట్టీ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది, లేదా పట్టీ మీదికి, లప్పం మీదికి, స్క్రూ తలల మీదికి పాకి ఉంటుంది. బ్రష్ గీతలు కనిపించినా అది తర్వాతి రంగే.

ఇంకో పరీక్ష: దూది మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటితే అది ఎవరో తర్వాత వేసిన ఇంటిగోడ లేటెక్స్ పెయింటు. కాల్చి గట్టిపరచిన ఫ్యాక్టరీ ఎనామిల్ అంత తేలిగ్గా కదలదు.

విప్పిన ప్రతి చోటునీ ఫోటో తీయండి. పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తే ఫోటోలో రంగు ఎంత తప్పిందో తర్వాత తెలుస్తుంది.

4. పొరల కిటికీ తెరవడం

దాక్కున్న చోట కూడా రంగు పొరలుగా ఉంటే, ఒక్కో పొరనీ విప్పి చూడాలి. దీన్ని నేను కిటికీ తెరవడం అంటాను.

మొదట, కంటికి పెద్దగా కనిపించని చోట రెండంగుళాల వెడల్పు గుండ్రం గీసుకోండి.

తర్వాత, 400 నంబరు ఉప్పుకాగితం నీళ్లలో తడిపి, మధ్యలో ఎక్కువ, అంచుకి వెళ్లే కొద్దీ తక్కువ ఒత్తుతూ గుండ్రంగా రుద్దండి. రేకు మెరుపు మధ్యలో బొట్టంత కనిపించగానే ఆపండి.

అప్పుడు 600, 1000 నంబర్లతో నునుపు చేయండి. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. మధ్యలో ఉన్నది మొట్టమొదటిది, బయటిది చివరిది.

చివరగా, ఒక చుక్క మినరల్ స్పిరిట్ (పెయింటు పలచన చేసే ద్రావకం) రాయండి. పాలిపోయిన రంగు తడిగా ఉన్నప్పుడు అసలు లోతు చూపిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రేకుకి ఆనుకుని ఉన్న మొదటి వలయం బూడిద రంగో, పసుపుపచ్చో అయితే అది ప్రైమర్ కావచ్చు. "నా బండి మొదట ఆకుపచ్చ!" అని సంబరపడి నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. దాని మీది వలయం చూడండి, అది ప్రైమర్ కన్నా మందంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అదే మీకు కావాల్సింది.

కనీసం మూడు చోట్ల కిటికీ తెరవండి: పై భాగం, మధ్య చార, కింది భాగం. ఈ బండ్లు ఎక్కువగా రెండు రంగులవి. ఒక్క చోటే చూస్తే రెండో రంగు ఉండేదన్న సంగతే తెలియదు.

5. దొరికిన రంగును ఎంతవరకు నమ్మాలి

వెలుతురు తగలని చోట దొరికిన రంగు వెలసిపోదు, కానీ మారవచ్చు. నూనె ఆధారిత తెలుపు, మీగడ రంగులు చీకట్లో ఉంటే పసుపెక్కుతాయి. అలమర లోపలి చెక్క ముక్క ఒకటి ఊడదీసి, ఎండ బాగా పడే కిటికీ దగ్గర రెండు వారాలు ఉంచండి. ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. అప్పుడు కనిపించేదే అసలు తెలుపుకి దగ్గర. ఇది చేయకుండా సరిపోల్చితే మీ తెల్ల బండి వెన్న రంగుకి తిరుగుతుంది.

ఎరుపు, పసుపు రంగులు ఎండలో త్వరగా చస్తాయి. బయట గులాబి రంగులా కనిపించే చార, లైటు కింద చూస్తే కుంకుమ ఎరుపు కావచ్చు.

పాత ఫోటోలతో ఇంకో చిక్కు ఉంది. కాగితం మీద ప్రింటు వేసిన రంగు ఫోటోలు ఏళ్లు గడిచే కొద్దీ ఎర్రబారతాయి. చీకట్లో దాచిన కోడాక్రోమ్ ఫిల్మ్ స్లైడ్లు మాత్రం బాగా నిలబడతాయి. బ్రోచర్లలో ఉన్నవి చాలాసార్లు చిత్రకారుడు వేసిన బొమ్మలు. చార ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి బ్రోచర్ చూడండి, ఖచ్చితమైన రంగు కోసం కాదు.

6. ఏ ఆధారమూ దొరకకపోతే

రేకులన్నీ మార్చేసిన బండి అయితే కాలాన్ని బట్టి వెళ్లాలి. అప్పుడు కూడా అదే కంపెనీ, అదే రెండు మూడేళ్లలోపు బండ్ల మీద ఏముందో చూడటమే మొదటి దారి. అదీ కుదరకపోతే ఈ అంచనాలు పనికొస్తాయి.

1940ల చివర, 1950ల మొదలు: బయట రంగు తక్కువ, ఉత్త అల్యూమినియం ఎక్కువ. లోపల తేనె రంగు చెక్క.

1950ల మధ్య నుంచి 1960ల మధ్య దాకా: తెలుపు లేదా ఉత్త అల్యూమినియం మీద ఒక రంగు చార. నెమలికంఠం రంగుకి దగ్గరగా ఉండే టర్కాయిజ్, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. వంటింటి సామాన్లలో లేత గులాబి, టర్కాయిజ్, పసుపు. 1953 నుంచి 1961 దాకా అధ్యక్షుడి భార్యగా ఉన్న మేమీ ఐసెన్‌హోవర్ ఇష్టపడిన గులాబి రంగు ఆ రోజుల్లో చాలా అమెరికా ఇళ్లకు పాకింది. వంటగట్టు మీద బూమరాంగ్ ఆకారాల ఫార్మైకా (గట్టి ప్లాస్టిక్ రేకు) కూడా ఈ కాలానిదే.

1960ల చివర నుంచి: అవకాడో ఆకుపచ్చ, పండిన గోధుమచేను లాంటి హార్వెస్ట్ గోల్డ్, ముక్కుపొడి రంగు, నారింజ చారలు. లోపల గోడలకు చెక్క నమూనా అచ్చు వేసిన ముదురు ప్యానెళ్లు.

1957 నాటి బండిలో అవకాడో ఆకుపచ్చ ఫ్రిజ్ పెట్టడం నేను తరచూ చూసే తప్పు. "పాత రంగు" అన్న ఒక్క గంపలో ముప్పై ఏళ్లని వేయకూడదు.

7. ఏది ముందు, ఏది తర్వాత

మార్చలేని వాటితో మొదలుపెట్టి, తేలిగ్గా మారేవాటితో ముగించాలి. చాలామంది ముందు కర్టెన్ గుడ్డ కొనేసి, దానికి జత కలిసే పెయింటు కోసం తిరుగుతారు. అది తలకిందులు పని.

1. స్టవ్, సింకు, ఐస్ బాక్స్. గాజు ఎనామిల్ వేసిన ఇనుము ఇది, మళ్లీ ఎనామిల్ వేయించడం ఖరీదైన పని. వీటి రంగే పునాది.
2. లోపలి చెక్క ఛాయ.
3. నేల, వంటగట్టు.
4. బయటి తెలుపు, తర్వాత చార.
5. చక్రాల రిమ్ములు. తెలుపు గానీ, బండి రంగుల్లో ఒకటి గానీ.
6. మెత్తలు, కర్టెన్లు అన్నిటికన్నా చివర.

గ్యాస్ సిలిండర్లకు వెండి రంగో తెలుపో చాలు. ముదురు రంగు వేడిని పీల్చుకుంటుంది. సిలిండర్ మెడ మీద చెక్కిన తేదీలు పెయింటు కింద పడిపోకూడదు.

8. లోపలి చెక్క: సగం అందం ఇక్కడే

ఆ కాలపు చిన్న ట్రైలర్లలో గోడలు బిర్చ్ ప్లైవుడ్‌వి. వాటి తేనె రంగు రంగువార్నిష్ వల్ల వచ్చింది కాదు, ఎక్కువగా కాషాయపు షెలాక్ వల్ల వచ్చింది. షెలాక్ అంటే మన లక్కే. ఏటికొప్పాక బొమ్మలకి నునుపు తెచ్చే లక్క, ఈ అమెరికా బండ్ల గోడల మీద మెరిసే లక్క ఒకే పురుగు ఇచ్చినవి. ఈ గోడలకి తెల్ల పెయింటు కొట్టేయడం చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. ఒకసారి వేశాక ఆ చెక్క రంధ్రాల్లోంచి దాన్ని పూర్తిగా తీయలేరు.

పాడైన ఒక్క ప్యానెల్ మార్చి పక్కదానికి ఛాయ కలపాలంటే:

- కొత్త బిర్చ్ ముక్క మీద ఆంబర్ షెలాక్ (పైన చెప్పిన కాషాయపుదే) పలుచగా వేయండి. లీటరు డీనేచర్డ్ ఆల్కహాల్‌కి (తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్) సుమారు 240 గ్రాముల షెలాక్ రేకులు చాలు, అక్కడివాళ్లు దీన్ని రెండు పౌండ్ల కట్ అంటారు.
- కోటుకీ కోటుకీ మధ్య ఆరనిచ్చి, పక్క ప్యానెల్‌తో పోల్చండి.
- ఆంబర్‌తో ముదురు చాలకపోతే ముదురు గార్నెట్ షెలాక్ కొంచెం కలపండి.
- ఛాయ కుదిరిన కోటు దగ్గరే ఆపండి. ఒక్క కోటు ఎక్కువైతే నారింజ తిరుగుతుంది. ఎక్కువైతే ఆల్కహాల్ గుడ్డతో తుడిచి వెనక్కి రావచ్చు, లక్క ఇచ్చే వరం అది.

నీళ్లు పడితే షెలాక్ తెల్లబారుతుంది. సింకు పక్కన, కిటికీ కింద ఆఖరి పొరగా నీటికి తట్టుకునే వార్నిష్ వేయండి. ముందు చిన్న ముక్క మీద పట్టుకుంటుందో లేదో చూసుకోండి.

1960ల చివర, ఆ తర్వాతి బండ్ల అచ్చు చెక్క ప్యానెళ్ల మీద ఈ పద్ధతి వద్దు. చాలా ఎయిర్‌స్ట్రీమ్‌ల లోపల ఉండే చుక్కచుక్కల పెయింటు జోలటోన్. దాని మీద ఒకే రంగు రుద్దేస్తే ఆ కాలపు ఆనవాలు పోయినట్టే. ఆ బ్రాండు పెయింటు ఇప్పటికీ దొరుకుతుంది.

9. రంగు కలిపించడం

కార్ల పెయింటు షాపులో రంగు కొలిచే యంత్రం ఉంటుంది. దానికి బల్లపరుపుగా, నునుపుగా, కనీసం ఒక అంగుళం ఉన్న నమూనా కావాలి. మీరు తెరిచిన కిటికీ నుంచి కాకుండా, లైటు కింద దొరికిన రేకు ముక్కని పాలిష్ చేసి తీసుకెళ్లండి.

మొదటి బండికి నేను తలుపు బయటి వైపు చూపించి కలిపించాను. షాపువాళ్లు చక్కగా సరిపోల్చారు, కానీ సరిపోల్చింది వెలిసిపోయిన రంగుతో. బండి మొత్తం అయ్యాక వెనక లైటు విప్పితే అసలు రంగు నన్ను చూస్తోంది. మొత్తం మళ్లీ చేశాను.

షాపులో ఈ మాటలు చెప్పండి: సింగిల్ స్టేజ్ (రంగు, మెరుపు ఒకే పూతలో వచ్చేది) కావాలి, మెటాలిక్ మెరుపు వద్దు, పైన క్లియర్ కోట్ (రంగు లేని మెరుపు పూత) వద్దు. ఆ కాలపు మెరుపులో ఇప్పటి కార్లలో కనిపించే గాజు లోతు ఉండదు.

మూడు కార్డుల మీద స్ప్రే చేయించండి: యంత్రం చెప్పింది, కాస్త లేతది, కాస్త వెచ్చనిది. బట్టల కొట్లో చీరని గుమ్మం బయటికి పట్టుకెళ్లి ఎండలో చూసినట్టు, ఈ కార్డుల్ని పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, బల్బు వెలుగులో చూడండి. ఎండలో కలిసిన రెండు రంగులు దీపం కింద విడిపోవచ్చు. చిన్న కార్డు మీద మెత్తగా కనిపించే రంగు పెద్ద గోడ మీద గట్టిగా కనిపిస్తుంది. ఊగిసలాట ఉంటే కొంచెం మెత్తనిదే తీసుకోండి.

10. బయట వేసే వరుస

కుళ్లిన చెక్క ఫ్రేము, నీటి కారుడు సరిచేయకుండా పెయింటు డబ్బా మూత తీయకండి. తర్వాత రేకు మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది.

- సబ్బు నీళ్లు, తర్వాత గ్రీజు, మైనం తీసే ద్రావకం
- స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌తో గరుకు చేయడం (ఉక్కు పీచు వద్దు, దాని పొడి రేకులో ఇరుక్కుని తుప్పు మచ్చలు వేస్తుంది)
- ఉత్త అల్యూమినియం తేలిన చోట అదే రోజు సెల్ఫ్ ఎచ్ ప్రైమర్ (రేకుని కొరికి పట్టుకునే అడుగు పూత), ఆలస్యమైతే గాలికి ఆక్సైడ్ పొర కడుతుంది
- పైన వేసే ప్రైమర్, పెయింటు దానితో పొసగుతాయో లేదో డబ్బా మీద చూసుకోవడం
- లేత రంగు ముందు, అది పూర్తిగా ఆరాక సన్న టేపు వేసి చార రంగు
- చార రంగు ఇంకా కాస్త పచ్చిగా ఉండగానే టేపు మెల్లగా వెనక్కి మడిచి లాగడం
- పట్టీలు బిగించేటప్పుడు కొత్త బ్యూటైల్ టేపు (నీళ్లు కారకుండా ఆపే జిగురు పట్టీ)

గట్టిపడే ద్రావకం కలిపే యురేథేన్ పెయింట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు మాస్కు చాలదు, బయటి గాలి అందించే పరికరం కావాలి. అది లేకపోతే ఆ ఒక్క పని షాపుకి అప్పగించండి.

11. తరచూ వచ్చే ఇబ్బందులు

తెలుపు నీలంగా, ఫ్రిజ్‌లా కనిపిస్తోంది: ఇప్పటి తెలుపు యథాతథంగా తీసుకున్నారు. కొద్దిగా వెచ్చదనం కలిపించి మళ్లీ కార్డు వేయండి.

పెయింటు గోరుతో ఊడుతోంది: కింద మైనమో సిలికానో మిగిలింది, లేదా ఇంటిగోడ లేటెక్స్ మీద వేశారు. ఊడినంత మేర రేకు దాకా తీసి మొదటి నుంచి చేయాల్సిందే, పైపైన అద్దితే నిలవదు.

చార వంకరగా ఉంది: రేకు మడతల్ని కొలతగా తీసుకున్నారు. పాత బండి కుంగి ఉంటుంది. నేల నుంచి కాదు, మడత నుంచీ కాదు, పాత చార తాలూకు గుర్తుల నుంచి కొలవండి.

లోపల అంతా చీకటిగా ఉంది: చెక్కకి తెలుపు కొట్టకండి. ముందు బల్బులు మార్చండి, 2700 కెల్విన్ వెచ్చని ఎల్ఈడీలు పెట్టండి. కర్టెన్ గుడ్డ లేతది తీసుకోండి.

12. పని అయ్యాక

పెయింటు బ్రాండు, ఫార్ములా నంబరు, షెలాక్ పాళ్లు, గుడ్డ కొన్న చోటు ఒక కార్డు మీద రాసి అలమర తలుపు లోపల అతికించండి. మిగిలిన రంగు చిన్న గాజు సీసాలో నిండా పోసి, మూత బిగించి దాచండి, రాయి తగిలిన చోట అద్దుకోవడానికి పనికొస్తుంది.

వెనక లైటు కింద రెండంగుళాల అసలు రంగుని మాత్రం రుద్దకుండా, పెయింటు వేయకుండా, అలాగే ఉంచి లైటు బిగించేయండి.